ఊడితే ఎటు పోతుంది? వేక్ షేపర్ ఇంట్లో చేసుకునేవారు ముందు వేసుకోవలసిన ప్రశ్న

ప్రశ్న: మా దగ్గర ఆరున్నర మీటర్ల ఇన్‌బోర్డ్ బోటు ఉంది. ప్రొపెల్లర్ బోటు అడుగున, లోపలికి ఉంటుంది. వెనక ఎడమ మూలలో నీళ్ళ సంచులు పెట్టి బోటును ఒక పక్కకు ఒరిగించి, ఎడమ పక్క లేచే అల మీద సర్ఫింగ్, అంటే వేక్‌సర్ఫింగ్, చేస్తున్నాం. అల వస్తుంది గానీ పొట్టిగా ఉంటుంది, సగం నురుగే. అలను సరిదిద్దడానికి బోటు పక్కన అంటించే పలకను, అంటే వేక్ షేపర్‌ను, కొనే బదులు నేనే ఒకటి చేశాను. 60 సెం.మీ. పొడవు, 25 సెం.మీ. ఎత్తు ఉన్న ప్లైవుడ్ పలకకు గాజు పలకలు ఎత్తే సక్షన్ కప్పులు రెండు బిగించాను. చెక్కముక్కలు ఎత్తు పెట్టి పలకను బయటికి వంచి, సగం బోటు వెనక్కి పొడుచుకొచ్చేలా కుడి పక్కన అంటించాను. అల చాలా బాగా వచ్చింది. కాసేపటికే పలక ఊడి నీళ్ళలో మునిగిపోయింది. ఈసారి బోటుకే బోల్టులు వేసి బిగించేస్తే సరిపోతుందా, లేక తాడు కడితే చాలా? షేపర్ అసలు సర్ఫ్ చేసే పక్కనే ఉండాలని ఒక స్నేహితుడు వాదిస్తున్నాడు. మా బావమరిదికి అవుట్‌బోర్డ్ బోటు ఉంది, దానికీ ఒకటి చేసిపెట్టమంటున్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతావాటిలో లెక్క తప్పితే పలక పోతుంది. దీంట్లో తప్పితే మనిషి పోతాడు.

అవుట్‌బోర్డ్ బోటు వెనక వేక్‌సర్ఫింగ్ చేయకూడదు. షేపర్ పెట్టినా, పెట్టకపోయినా. ఆ ఇంజన్ ప్రొపెల్లర్ బోటు వెనక గోడకు అవతల, బయట నీళ్ళలో తిరుగుతుంది. స్కీయింగ్ చేసేవాడు ఇరవై మీటర్ల తాడు చివర ఉంటాడు గనక గొడవ లేదు. వేక్‌సర్ఫింగ్ చేసేవాడు తాడు వదిలేసి, బోటుకు రెండు మూడు మీటర్ల దూరంలో, అల తోస్తుంటే ముందుకు వస్తుంటాడు. డ్రైవరు వేగం తగ్గించగానే బోటు ఆగుతుంది, అల ఆగదు. మనిషిని తెచ్చి నేరుగా బోటు వెనక్కి చేరుస్తుంది. ప్రొపెల్లర్ చుట్టూ గార్డు బిగిస్తే చాలదా అని మీ బావమరిది అడగొచ్చు. చాలదు. ఇంజన్ కాలు అక్కడే ఉంటుంది, మనిషి దాని మీదకే వస్తాడు. మామూలు స్టెర్న్‌డ్రైవ్ బోట్లకూ (ఇంజన్ లోపల ఉండి, ప్రొపెల్లర్ కాలు వెనక గోడ బయట ఉండేవి) ఇదే మాట. 2015లో వోల్వో పెంటా వాళ్ళు ఫార్వర్డ్ డ్రైవ్ అని తెచ్చారు, అందులో ప్రొపెల్లర్లు ముందువైపుకు తిరిగి బోటు అడుగు కిందికి వెళ్ళిపోతాయి. స్టెర్న్‌డ్రైవ్‌లలో సర్ఫింగ్‌కు పనికొచ్చేది అలాంటిదే. కాబట్టి మీ బావమరిదికి షేపర్ చేసిపెట్టకండి. మొహమాటపడి ఒకటి ఇచ్చారంటే, ఆ బోటు వెనక సర్ఫింగ్ చెయ్యొచ్చని మీరే చెప్పినట్టవుతుంది.

ఇక మీ స్నేహితుడి వాదన. మీరు పెట్టిన పక్కే సరైనది. ఎడమ పక్క అల కావాలంటే షేపర్ కుడి పక్కన ఉండాలి. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ, నీళ్ళు ఏం చేస్తున్నాయో చూస్తే తేలిపోతుంది. బోటు ముందుకు పోతుంటే వెనక ఒక గుంట పడుతుంది. దాన్ని పూడ్చడానికి రెండు పక్కల నీళ్ళూ లోపలికి ఉరుకుతాయి. రెండూ ఒకేసారి మధ్యలో గుద్దుకుంటే నీళ్ళు పైకి చిమ్ముతాయి, నురుగు తప్ప అల మిగలదు. కుడి పక్క నీటిని షేపర్ కొంచెం బయటికి తోస్తే అది ఆలస్యంగా వచ్చి చేరుతుంది. ఆ వ్యవధిలో ఎడమ పక్క నీళ్ళు అడ్డు లేకుండా లేచి, నున్నటి ముఖంతో, పొడవైన అలగా సాగుతాయి. షేపర్ అలను పుట్టించదు. ఎదుటి పక్క నీటిని ఆలస్యం చేస్తుంది, అంతే. ఈ సంగతి మనసులో ఉంటే పెద్ద పలక కావాలన్న ఆశ పోతుంది. నీటిని ఆపనక్కరలేదు, కాస్త ఆలస్యం చేయగలిగితే చాలు. అందుకు పెద్ద పలక అవసరం ఉండదు.

ఎడమ కాలు ముందు పెట్టి నిలబడేవాళ్ళకు ఎడమ పక్క అల ఎదురుగా ఉంటుంది. కుడి కాలు ముందు పెట్టేవాళ్ళు మీలో ఉంటే వాళ్ళ కోసం షేపర్‌ను రెండో పక్కకు మార్చుకోవాలి. కాబట్టి మీరు చేసేది రెండు పక్కలా పట్టేలా ఉంటే మంచిది.

ఈ ఉపాయం వాడుకలోకి వచ్చి మరీ ఎక్కువ కాలం కాలేదు. అంతకుముందు అందరూ మీలాగే వెనక మూలలో బరువు పెట్టి బోటును ఒరిగించేవాళ్ళు. 2012లో మాలిబు కంపెనీ సర్ఫ్ గేట్ పేరుతో వెనక మూలల్లో తెరుచుకుని మూసుకునే రెక్కలు పెట్టింది. తర్వాత మిగతా కంపెనీలు తమ తమ పద్ధతులు తెచ్చాయి, పేటెంట్ల మీద కోర్టులకు కూడా ఎక్కాయి. (మీది బాగా కుదిరి, నలుగురూ మెచ్చుకుని, అమ్మితే బాగుండునని అనిపిస్తే ముందు ఆ కోర్టు సంగతులు చదవండి.) ఆ రెక్కలు లేని బోట్ల కోసం సక్షన్ కప్పుతో అంటించే షేపర్లు మార్కెట్లో ఉన్నాయి. మీరు చేసింది వాటి చెల్లెలే.

ఇప్పుడు అసలు విషయం, మీది ఎందుకు ఊడింది? కప్పులు నాసిరకం అనుకుని ఇంకా పెద్దవి కొందామని చూస్తున్నారేమో. నాకు కప్పుల మీద అంత అనుమానం లేదు. అనుమానమంతా ఆ వెనక్కి పొడుచుకొచ్చిన సగం పలక మీదే.

లెక్క చూద్దాం. మీరు గంటకు 18 కి.మీ. వేగంతో వెళ్తున్నారనుకుందాం. అంటే సెకనుకు 5 మీటర్లు. ఆ వేగంలో ఎదురు నిలిచిన ప్రతి చదరపు మీటరు మీదా నీటి ఒత్తిడి సుమారు 1,270 కిలోల బరువుతో సమానం. మీ పలక బయటికి తెరుచుకున్న మేర 15 సెం.మీ., మునిగిన ఎత్తు 25 సెం.మీ. అనుకుంటే దాని మీద పడేది 50, 60 కిలోల తోపు. ఇరవై సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మంచి కప్పు కాగితం మీద ఇంతకంటే చాలా ఎక్కువే పట్టాలి. లోపల గాలి పూర్తిగా తీసేయగలిగితే వాతావరణ పీడనం ఒక్కటే దాన్ని 320 కిలోల పైచిలుకు బలంతో గోడకు అదుముతుంది. కానీ గాలి ఎప్పుడూ పూర్తిగా పోదు. పైగా నీళ్ళు తోసేది గోడకు అడ్డంగా కాదు, గోడ వెంట వెనక్కి. అలా జారకుండా పట్టేది రాపిడి ఒక్కటే. నున్నటి, తడి జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాసు బోటు పైపూత) మీద, అందులోనూ మైనం పాలిష్ పట్టించి ఉంటే, ఆ రాపిడి పట్టులో చిన్న భాగమే మిగులుతుంది. అయినా రెండు కప్పులు కాసేపు ఆపాయి కదా.

మిగతా పని పొడుచుకొచ్చిన భాగం చేసింది. బోటు పక్కగోడ మీదున్న పలకను నీళ్ళు లోపలికి నొక్కితే మంచిదే, గోడకు ఇంకా అదుముకుంటుంది. కానీ వెనక గోడ దాటిన భాగం వెనక ఆనడానికి ఏమీ లేదు. నీళ్ళు దాన్ని లోపలికి తోస్తుంటే, బోటు మూల ఆనుగా, పలక ముందు కొస బయటికి లేస్తుంది. గునపం ఒక కొసను నొక్కితే రెండో కొస రాయిని పెళ్ళగించినట్టే. కాబట్టి మొదట వదిలింది ముందు కప్పే అయి ఉంటుంది. దాని కిందికి నీళ్ళు దూరిన క్షణంలో రెండో కప్పుకు అవకాశమే లేదు. దీనికి ఇంకా పెద్ద కప్పు పెడితే ఇంకొంచెం ఆలస్యంగా, ఇంకొంచెం గట్టిగా ఊడుతుంది.

నా సలహా: పలక ఆకారం మార్చండి. బయటికి చాచిన రెక్క వద్దు, గోడకు అంటుకుని ఉండే, తలుపు కింద దూర్చే చెక్కముక్క లాంటి వాలు ముక్క చేయండి. ముందు పలచగా మొదలై వెనక్కి పోయేకొద్దీ మందం పెరగాలి. వాలు పొడవు 30 సెం.మీ., వెనక కొస దగ్గర మందం 10 సెం.మీ. ఉంటే వాలు సుమారు 18 డిగ్రీలు వస్తుంది. మొదటి ప్రయత్నానికి ఇది చాలు. ఎత్తు 20, 25 సెం.మీ. చాలు. వెనక అంచు ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) అంచుతో సమంగా ఆగాలి. అల కోసం మరీ తప్పదనిపిస్తే మూడు, నాలుగు సెంటీమీటర్లు దాటనివ్వండి, అంతకుమించి వద్దు. ఇలా చేస్తే నీటి తోపులో లోపలికి పనిచేసే భాగమంతా బోటు గోడే మోస్తుంది. కప్పులకు వెనక్కి లాగే తోపు ఒక్కటే మిగులుతుంది.

ఈ రకం కప్పులతో చేసేవాళ్ళు తరచూ మరిచిపోయేది ఇంకోటుంది. కప్పుకు మూడు నాలుగు సెంటీమీటర్ల మందం ఉంటుంది, కాబట్టి పలక గోడకు ఆనదు. ఆ సందులోకి ముందునుంచి నీళ్ళు దూరి పలకను వెనకనుంచి తోస్తాయి. ముందు అంచు పొడవునా మెత్తటి, నీళ్ళు పీల్చని ఫోమ్ పట్టీ పెట్టి, కప్పులు బిగించినప్పుడు అది గోడకు నొక్కుకునేలా చూసుకోండి. చూడటానికి అలంకారంలా ఉంటుంది గానీ ఇది లేకపోతే మిగతా శ్రమంతా నీళ్ళపాలు, నిజంగానే.

దేంతో చేయాలి? ప్లైవుడ్ చెడ్డది కాదు. మెరైన్ గ్రేడు తీసుకుని, అంచులకూ రంధ్రాల లోపలికీ ఎపాక్సీ బాగా పట్టిస్తే సీజన్ గడుస్తుంది. నేనైతే కూరగాయలు కోసే పలకలకు వాడే తెల్లటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటే ఎంచుకుంటాను, 12 మి.మీ. మందంది. నీళ్ళు పీల్చదు, పగిలి పదునైన ముక్కలు కాదు, మామూలు వడ్రంగి రంపంతోనే కోసుకోవచ్చు. దానికున్న ఒకే పేచీ, జిగురు గానీ ఎపాక్సీ గానీ పట్టదు. అతికించే ఆలోచన మానుకుని అన్నీ బోల్టులతోనే బిగించాలి. స్టెయిన్‌లెస్ బోల్టులు, వెడల్పు వాషర్లు, లోపల నైలాన్ ఉన్న లాక్ నట్లు వాడండి. మామూలు నట్లు ఆ వణుకుకు వదులైపోతాయి. బోల్టు తలలు పలకలోకి దిగిపోవాలి, బయటికి పొడుచుకు రాకూడదు. అక్రిలిక్ షీటు అందంగా ఉంటుంది, వద్దు. విరిగితే కత్తి. అల్యూమినియం రేకు కూడా వద్దు, అంచు ఎంత అరగదీసినా అది అంచే.

కప్పుల విషయంలో ఒక్క మాట. గాజు పనివాళ్ళు వాడేవాటిలో రెండు రకాలుంటాయి. మీట తిప్పి బిగించేవి ఒకటి, పక్కన బొత్తాం నొక్కుతూ గాలి తీసేవి రెండోది. రెండో రకంలో మంచివాటికి ఆ బొత్తాం మీద ఎర్ర గీత ఉంటుంది. లోపల పట్టు తగ్గుతుంటే గీత బయటికి కనబడుతుంది. మీట రకంలో పట్టు తగ్గిందన్న సంగతి కప్పు ఊడాకే తెలుస్తుంది. రెండో రకమే వాడండి. పలకలో బొత్తాం అందేలా కోత పెట్టుకోండి. లేకపోతే ప్రతిసారీ మొత్తం ఊడదీసి మళ్ళీ బిగించాల్సి వస్తుంది. అంటించే చోట స్టిక్కరు అంచు, గీత, వంపు, నీళ్ళు బయటికి పోయే రంధ్రం ఏదీ ఉండకూడదు. మైనం పాలిష్ ఉంటే దాన్ని స్పిరిట్‌తో తుడిచేయండి. ఇసుక రేణువు ఒక్కటున్నా కప్పు నెమ్మదిగా గాలి పీలుస్తుంది.

ఇక తాడు. మీ పలక మునిగిపోయిందని బాధపడ్డారు గానీ, అది మునిగినందుకు ఒక రకంగా సంతోషించండి. ఊడిన వస్తువు బోటుతో పాటు రాదు, నీళ్ళలో అక్కడే ఆగిపోతుంది. సర్ఫ్ చేసే మనిషి సెకనుకు 5 మీటర్ల వేగంతో దాని మీదకు వస్తాడు. మూడు మీటర్ల వెనక ఉన్నవాడికి తప్పుకోవడానికి సెకను కూడా దొరకదు. అందుకే షేపర్ చేసే ముందు ఎంత బాగా పనిచేస్తుందనే ప్రశ్న పక్కన పెట్టి, ఊడితే ఎటు పోతుందని అడగాలి. దీని జవాబును బట్టే వెనక అంచు మీద వేలెడు మందం మెత్తటి ఫోమ్ చుట్టాలి, మూలలన్నీ గుండ్రంగా కొట్టాలి, బోల్టు కొసలు కప్పేయాలి, దూరం నుంచి కనబడే నారింజ రంగు వేయాలి. హెచ్‌డీపీఈకి రంగు పట్టదు, రంగు టేపు చుట్టి బోల్టుతో పట్టీ వేయండి.

తేలాలా, మునగాలా? తేలాలి. లేకపోతే డబ్బు పోవడమే కాదు, సరస్సు అడుగున ప్లాస్టిక్, ఇనుము వదిలేసినట్టు. ప్లైవుడ్ ఎలాగూ తేలుతుందని లెక్క వేసుకుని ఉంటారు. పలక తేలుతుంది, దానికున్న రెండు లోహపు కప్పులు తేలవు. హెచ్‌డీపీఈ నీటికంటే కొంచెమే తేలిక, మూడు కిలోల షీటు మోయగలిగే అదనపు బరువు 150 గ్రాములు. కాబట్టి కప్పులూ బోల్టులూ కలిపి రెండున్నర కిలోలైతే కనీసం రెండున్నర లీటర్ల ఫోమ్ కావాలి, ఐదు లీటర్లు పెడితే పైకి స్పష్టంగా కనబడుతూ తేలుతుంది. మనం చేస్తున్నది వాలు ముక్క కాబట్టి దాని పొట్టలో ఫోమ్‌కు చోటు ఎలాగూ ఉంది. లోపలి బుడగలు మూసుకుని ఉండే (క్లోజ్డ్ సెల్) ఫోమే వాడండి, స్పాంజి రకం నీళ్ళు తాగి బరువెక్కుతుంది.

తాడు కడితే అది పొట్టిగా ఉండాలి. ఊడిన పలక తాడు చివరన వేలాడినా ప్రొపెల్లర్‌కు అందకూడదు, సర్ఫ్ చేసేవాడికీ అందకూడదు. బోటును ఒడ్డున పెట్టి, తాడు కట్టే చోటు నుంచి ప్రొపెల్లర్ దాకా ఒకసారి కొలవండి. వెనక గోడ అవతల అరమీటరుకు మించి పోకూడదని కూడా చూసుకోండి. మీ బోటు మీద ఈ రెండూ కుదరకపోతే తాడు మానేయండి. తేలేదాన్ని పోనిచ్చి, వెనక్కి తిరిగి వెళ్ళి తెచ్చుకోవచ్చు. పొడవాటి తాడు మాత్రం అన్నిటికంటే చెడ్డది. అటు పలకా ఉంటుంది, ఇటు ప్రొపెల్లర్‌కు చుట్టుకునే తాడూ ఉంటుంది.

బోల్టులు వేసి పర్మనెంట్‌గా బిగించడం గురించి: వద్దు. నీటి మట్టం కింద బోటుకు రంధ్రం పెట్టడం ఒక్కటే కారణమైతే ఏదో సీలెంటుతో సర్దుకుందామంటారు. కానీ ఫైబర్‌గ్లాసు పొరల మధ్య చెక్క గానీ ఫోమ్ గానీ ఉన్న చోట రంధ్రం పడితే, ఏళ్ళ తరబడి తడి లోపలికి పాకుతుంది, అది బయటికి కనబడదు. అసలు పెద్ద చిక్కు వేగంతో ఉంది. నీటి తోపు వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. గంటకు 18 కి.మీ. దగ్గర 60 కిలోలు మోసే పలక, సర్ఫింగ్ అయిపోయి ఇంటికి 36 కి.మీ. వేగంతో వస్తున్నప్పుడు 240 కిలోలు మోయాలి, అదీ ఒకే పక్కన. బోటు ముక్కు ఆ పక్కకు లాగేస్తుంది. కంపెనీ రెక్కలు పనైపోగానే ముడుచుకుపోతాయి. మీది ముడవదు. ఊడదీయగలగడం సక్షన్ షేపర్‌కున్న గొప్ప గుణం, దాన్ని పోగొట్టుకోకండి. సర్ఫింగ్ వేగం దాటి ఎప్పుడు పోవాలన్నా ముందు షేపర్ బోటులోకి రావాలి. డ్రైవరు సీటు ముందు ఒక కాగితం అంటించి ఆ మాట రాసిపెట్టండి, మనిషి మరిచిపోతాడు.

షేపర్ ఉన్నప్పుడు స్టీరింగు షేపర్ పక్కకు కొంచెం లాగుతూనే ఉంటుంది. మీరు ఎదురు పట్టు పట్టాలి. అది మామూలే. చేతులు నొప్పెట్టేంత లాగుతుంటే షేపర్ పెద్దదైందని అర్థం, కోసి చిన్నది చేయండి.

మీరు అడగని సంగతి ఒకటుంది, నా లెక్కలో సగం అల అక్కడే ఉంది. మీ అల పొట్టిగా, నురుగుగా రావడానికి షేపర్ లేకపోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. వేగం, లోతు, బరువు ముందు చూసుకోండి.

బోటు అల పొడవు వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 16 కి.మీ. దగ్గర శిఖరం నుంచి శిఖరానికి సుమారు 12.7 మీటర్లు, 18 దగ్గర 16 మీటర్లు. రెండు కిలోమీటర్ల తేడాకు మూడు మీటర్లకు పైగా పొడవు. అందుకే సర్ఫింగ్ చేసేవాళ్ళు అర కిలోమీటరు తేడా గురించి కూడా పోట్లాడుకుంటారు, వాళ్ళ చాదస్తం కాదది. 16, 19 కి.మీ. మధ్య అర కిలోమీటరు చొప్పున పెంచుతూ మీ బోటుకు నప్పే వేగం పట్టుకోండి. బోటులో ఉన్న స్పీడు మీటరును నమ్మకండి, జీపీఎస్ వేగం చూడండి.

లోతు ఇంకా మోసం చేస్తుంది. రెండున్నర మీటర్ల లోతున్న నీళ్ళలో ఏ అలా సెకనుకు 5 మీటర్లను మించి పరుగెత్తలేదు. అంటే మీ బోటు సరిగ్గా ఆ హద్దు మీద వెళ్తుంటుంది. అల ఆకారం చెడుతుంది, బోటు బరువెక్కినట్టు ఈడుస్తుంది, ఇంజన్ మూలుగుతుంది. మీరు షేపర్‌ను తిట్టుకుంటారు. ఆరు మీటర్ల లోతుకు వెళ్ళండి, అదే బోటు వేరే బోటులా ప్రవర్తిస్తుంది. అడుగున ఉన్న బురద, మొక్కలు కూడా ప్రొపెల్లర్ తోసే నీటికి లేవకుండా ఉంటాయి. మినసోటా విశ్వవిద్యాలయానికి చెందిన సెయింట్ ఆంథనీ ఫాల్స్ ప్రయోగశాల ఈ బోట్ల మీద కొలతలు తీసి, 2022 నివేదికలో ఒడ్డుకు 500 అడుగులు, అంటే 150 మీటర్లకు పైగా దూరం ఉండాలంది. 2025లో లోతు 20 అడుగులైనా ఉండాలంది. అంటే ఆరు మీటర్లే. అల బాగా రావడానికీ, ఒడ్డు కోసుకుపోకుండా ఉండటానికీ ఒకే చోటు పనికొస్తుందన్నమాట. షేపర్ బాగా పనిచేస్తే మీ అల ఇప్పటికంటే పొడవుగా, బలంగా ఉంటుందని మరిచిపోకండి. అది ఒడ్డునున్నవాళ్ళ పడవలనూ మెట్లనూ ఇంకా గట్టిగా తాకుతుంది.

బరువు సంగతి. షేపర్ పెట్టాక ఇప్పటిలా ఒక మూలకు పూర్తిగా ఒరిగించనక్కరలేదు. సంచులు రెండు పక్కలా దాదాపు సమంగా సర్ది, సర్ఫ్ పక్కకు కొంచెమే మొగ్గు ఉంచండి. వెనక బరువు అలకు ఎత్తు ఇస్తుంది, ముందు బరువు పొడవు ఇస్తుంది. ఒక లీటరు నీరు ఒక కిలో అని మీకు తెలుసు గానీ, నాలుగు 200 లీటర్ల సంచులు నింపాక ఎనిమిది వందల కిలోలు ఎక్కాయని ఎవరూ అనుకోరు, పది మంది పైగా కూర్చున్నట్టే. బోటుకున్న సామర్థ్యపు పలక మీద రాసిన బరువులో మనుషులూ సంచులూ సామాను అన్నీ కలిసే ఉండాలి. అంత బరువుతో ఉన్నప్పుడు ఒక్కసారిగా వేగం ఆపితే మీ అలే వెనకనుంచి వచ్చి బోటులోకి దూకుతుంది. థ్రాటిల్ మెల్లగా దించండి, ముఖ్యంగా వెనక అంచు కిందికి ఉన్న బోటులో.

ఇంజన్ పొగ గురించి కూడా చెప్పాలి. కదిలే బోటు వెనక గాలి పలచబడి, పొగను లోపలికే లాక్కుంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలనొప్పి, వికారం వస్తే అలల వల్ల తిప్పుతోందనుకుంటారు. వెనక మెట్టు పట్టుకుని వేలాడుతూ ఈదడాన్ని కాలిఫోర్నియా 2005 నుంచి చట్టం పెట్టి నిషేధించింది, కారణం ఈ వాయువు చేసిన మరణాలే. సర్ఫ్ చేసేవాడు తాడు వదిలాక అల మీద ఉండాలి, మెట్టు దగ్గరికి రాకూడదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఇంజన్ ఆగి ఉండాలి, న్యూట్రల్ చాలదు. వెనక సీటు దగ్గర మెరైన్ సీఓ (కార్బన్ మోనాక్సైడ్) డిటెక్టరు ఒకటి పెట్టండి. షేపర్ మీద పెట్టే ఖర్చులో కొంత దానికి మళ్ళించండి.

కొత్త షేపర్ తయారయ్యాక మొదటిసారి వెనక మనిషి లేకుండా నడపండి. ఒకరు డ్రైవింగ్, ఒకరు వెనక కూర్చుని షేపర్‌ను చూస్తూ ఉండటం. గంటకు 8 కి.మీ., 12, 16, 18. ప్రతి మెట్టు దగ్గర రెండు నిమిషాలు నడిపి, ఆపి, ఎర్ర గీత చూడండి. ఏ మెట్టు దగ్గర గీత కనబడినా అక్కడితో ఆ రోజుకు ఆపేయండి. పలక సన్నగా పాడుతున్నట్టు వణుకుతుంటే పై అంచు నీటి మట్టానికి మరీ దగ్గరగా ఉండి గాలి పీలుస్తుండొచ్చు, వేలెడు కిందికి దించి చూడండి. బోటు గోడ మీద టేపు ముక్కతో గుర్తు పెట్టుకోండి, లేకపోతే బాగా కుదిరిన చోటు మళ్ళీ దొరకదు. ఒకసారికి ఒక్కటే మార్చండి, చోటు గానీ, వేగం గానీ, బరువు గానీ. మూడూ కలిపి మార్చితే అల బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

అన్ని మెట్లూ దాటి, ఎక్కువ వేగం దగ్గర పావుగంట పాటు గీత కదలకపోతే అప్పుడు మనిషిని దింపండి. సర్ఫ్ చేసేవాడు పట్టుకునే తాడు ఆరు మీటర్లది చాలు, వదిలిన వెంటనే బోటులోకి లాగేయాలి. ప్రతి మనిషి మారినప్పుడూ బొత్తాం నాలుగుసార్లు నొక్కడం అలవాటు చేసుకోండి. ఇంటికి బయలుదేరే ముందు కప్పులు తీసి, మంచినీళ్ళతో కడిగి, నీడలో పెట్టండి. ఎండలో గోడకు అంటించి వదిలేస్తే రబ్బరు గట్టిపడుతుంది, జెల్‌కోట్ మీద గుండ్రటి మచ్చ కూడా మిగులుతుంది.